రక్తం చెప్పిన లెక్క

2020లో వసతి గృహాలు మూసి మనల్ని ఇళ్లకు పంపిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో రోజూ టీవీలో జిల్లాల వారీగా కరోనా కేసుల పట్టిక వేసేవారు. శ్రీకాకుళం, విజయనగరం ఎదురుగా చాలా రోజులు సున్నాయే ఉండేది. ఏప్రిల్ చివర్లో శ్రీకాకుళం, మే మొదట్లో విజయనగరం ఆ పట్టికకెక్కాయి. రాష్ట్రంలో అన్నిటికంటే ఆఖరున కేసు బయటపడింది విజయనగరంలోనే.

నాలుగు నెలలు తిరగకముందే అదే విజయనగరంలో నూటికి 30.6 మంది రక్తంలో కరోనా సోకిన గుర్తులు కనిపించాయి. 2020 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం 13 జిల్లాల్లో చేయించిన సర్వేలో ఇదే అన్నిటికంటే ఎక్కువ. రాష్ట్ర సగటు 19.7 మాత్రమే.

ఇదెలా సాధ్యం? ముక్కులో పుల్ల పెట్టి చేసే పరీక్షకు వైరస్ ఒంట్లో ఉన్న కొద్ది రోజుల్లోనే దొరుకుతుంది. జ్వరం, దగ్గు లేనివాడు పరీక్షకే వెళ్లడు. కానీ వైరస్ వచ్చిపోయాక, దానితో పోరాడటానికి శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలు రక్తంలో కొన్ని నెలలు ఉంటాయి. వాటినే వెతుకుతారు. రక్తాన్ని గడ్డకట్టనిచ్చి, పైన తేరిన సీరాన్ని వైరస్ పదార్థం పూసిన చిన్న గుంటల్లో వేస్తారు. ప్రతిరక్షకాలుంటే అతుక్కుంటాయి. తరువాత వేసే మందులతో రంగు వస్తుంది. దీనినే ఎలైజా పరీక్ష అంటారు. మన దేశంలో ఈ కిట్‌ను పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ రూపొందించింది.

అందరి రక్తమూ తీయనక్కర్లేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా! అయితే మా హాస్టల్ గుండిగలో పై మెతుకు చూస్తే చాలదు, అడుగు నుంచి కలిపి చూడాలి. 2020 మే, జూన్ నెలల్లో ఐసీఎంఆర్ చేసిన దేశవ్యాప్త సర్వేలో కృష్ణా, నెల్లూరులతో పాటు విజయనగరం కూడా ఉంది. జిల్లాకు 10 చోట్ల, చోటుకు 40 మంది చొప్పున, ఎవరినీ ఏరుకోకుండా తీసుకున్నారు. అప్పుడు దేశంలో పెద్దవాళ్లలో నూటికి ఒక్కరికి కూడా ప్రతిరక్షకాలు లేవు. 2021 జూన్, జూలైకి, పిల్లలను కూడా కలుపుకుని చూస్తే, అది 67.6 శాతమైంది.

గుజరాత్‌లోని వేరావల్ నుంచి బస్సుల్లో తిరిగొచ్చిన మత్స్యకారులను, వలస కూలీలను ఆ రోజుల్లో జనం అనుమానంగా చూశారు. సర్వే మాత్రం ఎంతమందికి సోకిందో చెబుతుందే గాని ఎవరు తెచ్చారో చెప్పదు. ఆ పేరు చెప్పి మనవాళ్లను దూరం పెట్టడం అన్యాయమనే మేము అనుకుంటున్నాం.

30.6 అంటే సంతోషించాల్సిన లెక్క కూడా కాదు. మిగతా 69 మంది సంగతేమిటి? ప్రతిరక్షకాలు ఉన్నవారికి కూడా మళ్లీ సోకదని హామీ లేదు, కాలంతో అవి తగ్గుతాయి. 2021లో రెండో అల రానే వచ్చింది.

2021 జనవరిలో టీకాలు మొదలయ్యాక లెక్క ఇంకా చిక్కుపడింది. కోవిషీల్డ్ వేసుకుంటే వైరస్ ముల్లు మీద పనిచేసే ప్రతిరక్షకాలే వస్తాయి. కాబట్టి లోపలి ప్రోటీన్ మీదివి కనిపిస్తే జబ్బు సోకిందని చెప్పవచ్చు. కోవాగ్జిన్ చంపిన వైరస్ మొత్తంతో చేసింది, అందువల్ల దాన్ని వేసుకున్నవారి దగ్గర ఈ ఉపాయం సరిగా పనిచేయదు!