వార్డుకు తాళం పడితే

2020 జులై వానలకు హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రి పాత భవనంలో రోగుల మంచాల కింద మురుగునీళ్లు నిలిచాయి. నెలాఖరుకల్లా భవనం ఖాళీ చేయించి తాళం వేశారు. పెచ్చులూడే కప్పు కింద రోగుల్ని ఉంచలేరు కాబట్టి మూయడం సబబే. కానీ ఆ మంచాలకు బదులు మంచాలు ఎక్కడ? గాంధీ ఆస్పత్రిని ఆ ఏప్రిల్ నుంచే పూర్తిగా కరోనాకు కేటాయించడంతో మామూలు రోగులకు పెద్ద దిక్కు ఉస్మానియాయే అయింది. గాంధీలో సాధారణ వైద్యం మళ్లీ మొదలైంది నవంబరులో. కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న. ఈ నాలుగున్నరేళ్లూ జబ్బులు ఆగలేదు. మూసిన వార్డు పని మిగిలిన వార్డుల మీద పడుతుంది, లెక్కల్లోకి మాత్రం రాదు.

మంచాలు పక్క వార్డుకు చేర్చడం ఒక పూట పని. గోడలోని ఆక్సిజన్ పైపు, రాత్రి డ్యూటీ సిస్టరు అలా కదలరు. ఆపరేషన్ అయ్యాక పడుకోబెట్టడానికి మంచం లేకపోతే థియేటరూ సర్జనూ ఉండి కూడా హెర్నియా రోగికి వాయిదాయే. క్యాజువాలిటీలో అడ్మిషన్ రాసినా పైన ఖాళీ లేక రోగి స్ట్రెచర్ మీదే ఉండిపోతాడు. ఆ స్ట్రెచర్ తిరిగొచ్చేదాకా 108 బండి గుమ్మంలో ఆగుతుంది, ఇంకో ఊరి నుంచి వచ్చే ఫోనుకు ఆలస్యమవుతుంది. ఎముకల వార్డులో ఏళ్లు పనిచేసిన సిస్టరును మెడికల్ వార్డుకు వేస్తే ఆమె చేయగలదు, కానీ అలవాటు లేని మందులు, రెట్టింపు మంది రోగులు. 2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలో పెన్సిల్వేనియాలోని 168 ఆస్పత్రుల సర్జరీ రోగుల్ని పరిశీలించింది. నర్సుకు ఒక్క రోగి అదనమైతే 30 రోజుల్లోపు మరణించే ముప్పు 7 శాతం ఎక్కువగా, నర్సులు డస్సిపోయే ముప్పు 23 శాతం ఎక్కువగా కనిపించాయి.

సగం ఖాళీగా ఉన్న వార్డును కలిపేస్తే తప్పేమిటని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. క్షయకు ఇంటి దగ్గర మందులిచ్చినా శానిటోరియంలో ఉంచినంత ఫలితం ఉంటుందని 1959లో మద్రాసు అధ్యయనం తేల్చాక, ఆ మంచాలు తగ్గడం రోగికి మేలే చేసింది. అక్కడ ముందు వైద్యం ఇంటికి చేరింది. ఏడాది సగటు చూసి మూస్తే సంగతి వేరు: వానాకాలపు జ్వరాలు సగటును చూసి రావు. ప్రైవేటుకు వెళ్లొచ్చు కదా అంటే, ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ దాని జాబితాలోని చికిత్సలకే వర్తిస్తుంది. బకాయిల మూలాన నెట్‌వర్క్ ఆస్పత్రులు ఆ సేవలు ఆపేసిన సందర్భాలూ ఉన్నాయి.

కోరుకొండ మనిషికి పెద్దాస్పత్రి అంటే ఇరవై కిలోమీటర్ల దూరంలోని రాజమండ్రి. 2023 నుంచి అది మెడికల్ కాలేజీకి బోధనాసుపత్రి కూడా. అక్కడ మంచం లేదంటే కాకినాడ రాస్తారు, ఇంకో అరవై కిలోమీటర్ల పైమాట. తోడు వెళ్లినవాళ్ల కూలి పోతుంది, పూటకూళ్ల ఖర్చు, చేబదులు వడ్డీ. ఇవేవీ ఆస్పత్రి పద్దులో ఉండవు. ఏ వార్డు మూసినా రోగులు ఎక్కడికి పోవాలో, సిస్టర్లను ఎక్కడ వేశారో, తిరిగి ఎప్పుడు తెరుస్తారో తాళం వేసేలోపే గుమ్మం దగ్గర బోర్డు పెట్టి చెప్పాలి. చెప్పిన తేదీ దాటితే అడిగే హక్కు ఆస్పత్రి అభివృద్ధి కమిటీకి ఉండాలి.