ప్రాక్సీ సర్వర్ మనల్ని ఎలా గుర్తుపట్టాలి?

కళాశాలలోనో కార్యాలయంలోనో బ్రౌజర్ తెరవగానే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే చిన్న పెట్టె చాలామందికి పరిచయమే. ప్రాక్సీ సర్వర్ మన కంప్యూటర్‌కూ ఇంటర్నెట్‌కూ నడుమ నిలిచి, మన తరఫున వెబ్‌సైట్లను అడిగి తెస్తుంది. అడిగినవారెవరో తెలియకపోతే పేజీకి బదులు 407 అనే సంకేతం పంపుతుంది. గుర్తింపును ఏయే పద్ధతుల్లో ఒప్పుకుంటుందో ఆ జవాబులోనే చెబుతుంది. ఆ పద్ధతులను ఎంచేది నెట్‌వర్క్ నిర్వాహకుడు. అక్కడున్న వారందరి పాస్‌వర్డ్‌ల భద్రత ఆ ఎంపిక మీదే ఆధారపడుతుంది.

అన్నిటికన్నా సులువైనది బేసిక్ పద్ధతి. పేరునూ పాస్‌వర్డ్‌నూ కలిపి బేస్64 రూపంలోకి మార్చి పంపుతారు. ఇది రహస్యం చేయడం కాదు. ఒక ఉత్తరాన్ని వేరే లిపిలో రాయడం వంటిది, ఆ లిపి వచ్చినవారెవరైనా చదివేస్తారు. హెచ్‌టీటీపీఎస్ సైట్‌కే వెళుతున్నాం గనుక భయం లేదనుకోవడం పొరపాటు. ఆ రక్షణ బ్రౌజర్‌కూ వెబ్‌సైట్‌కూ మధ్య ఏర్పడేది. అంతకుముందే బ్రౌజర్ ప్రాక్సీకి ‘కనెక్ట్’ అనే అభ్యర్థన పంపుతుంది. పాస్‌వర్డ్ వెళ్ళేది దానితోనే, సాధారణంగా ఏ ఎన్‌క్రిప్షన్ లేకుండా. ఎంపిక విషయంలో మనం మొదట చూడవలసింది బ్రౌజర్ నుంచి ప్రాక్సీ వరకు ఉన్న ఈ కొద్ది దూరాన్నే.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1997లో డైజెస్ట్ పద్ధతి వచ్చింది. ఇందులో పాస్‌వర్డ్ బయటికి రాదు. సర్వర్ ఇచ్చిన తాత్కాలిక అక్షరమాలికతో పాస్‌వర్డ్‌ను కలిపి, ఎండీ5 గణనతో తేల్చిన ఫలితం మాత్రమే వెళుతుంది. ఆలోచన మంచిదే. అయితే దారిలో ఆ ఫలితాన్ని పట్టుకున్నవారు తీరిగ్గా కూర్చుని ఒక్కొక్క పాస్‌వర్డ్‌నూ ఊహించి సరిచూడవచ్చు. పైగా సర్వర్ అసలు పాస్‌వర్డ్‌నో, దాదాపు దానితో సమానమైన విలువనో దాచుకోక తప్పదు. 2015లో ఎస్‌హెచ్‌ఏ-256ను చేర్చినా ఈ రెండో చిక్కు తీరలేదు. అందుకే నేను డైజెస్ట్‌ను సిఫారసు చేయను.

విండోస్ కార్యాలయాల్లో చాలాకాలం నడిచినది ఎన్‌టీఎల్‌ఎం. మధ్యలో ఉన్న దుండగుడు దీని జవాబును మరో సర్వర్‌కు మళ్ళించి, ఆ వ్యక్తి తానేనని నమ్మించగలడు. మైక్రోసాఫ్ట్ సంస్థే 2024లో దీనికి స్వస్తి పలుకుతున్నట్టు ప్రకటించింది. కొత్తగా దీన్ని ఎంచుకోవలసిన అవసరం లేదు.

కెర్బరోస్ దారి వేరు. అమెరికాలోని ఎంఐటీలో, 1983లో మొదలైన అథీనా ప్రాజెక్టులో ఇది పుట్టింది. ఉదయం ఒకసారి లాగిన్ అయితే కేంద్ర సర్వర్ గడువున్న టికెట్ ఇస్తుంది. దాని ఆధారంగా ప్రాక్సీకోసం మరో టికెట్ తీసుకుంటారు. ప్రాక్సీ చూసేది ఆ టికెట్‌నే, పాస్‌వర్డ్ దానికి ఎన్నడూ చేరదు. వాడుకరికి పెట్టె కూడా కనబడదు. ఇంత చక్కని ఏర్పాటుకు క్రమశిక్షణ కావాలి. యంత్రాల గడియారాల మధ్య సాధారణంగా 5 నిమిషాలకు మించి తేడా ఉండరాదు. బ్రౌజర్‌లో ప్రాక్సీని ఐపీ చిరునామాతో కాక పూర్తి డొమైన్ పేరుతోనే నమోదు చేయాలి. కెర్బరోస్ పని చేయడం లేదని వాపోయేవారు ముందుగా ఈ రెండూ చూడాలి.

ఐపీ చిరునామాను బట్టి అనుమతించడమూ ఉంది. అది గుర్తించేది యంత్రాన్నే, మనిషిని కాదు. పదిమంది వాడే ప్రయోగశాల కంప్యూటర్ దగ్గర దానితో ప్రయోజనం తక్కువ. బ్రౌజర్‌కు తెలియకుండా ట్రాఫిక్‌ను మళ్ళించే పారదర్శక ప్రాక్సీతోనైతే 407 పద్ధతులేవీ పనిచేయవు. ప్రాక్సీ ఉందని తెలియని బ్రౌజర్ దానికి పాస్‌వర్డ్ ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా.

వాడుకరులనూ యంత్రాలనూ ఒకేచోట నిర్వహించే డొమైన్ వ్యవస్థ ఉన్న సంస్థ కెర్బరోస్‌నే పెట్టుకోవాలి. విద్యార్థులు సొంత ఫోన్లు, లాప్‌టాప్‌లు తెచ్చుకునే చోట అది కుదరదు. అక్కడ బేసిక్ చాలు, కానీ బ్రౌజర్‌కూ ప్రాక్సీకీ మధ్య టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ దీనికి వీలు కల్పిస్తాయి. ఆ వసతి ఏర్పడేదాకా నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే: మెయిల్‌కూ పరీక్షల పోర్టల్‌కూ వాడే పాస్‌వర్డ్‌నే ప్రాక్సీకి కూడా పెట్టించకండి.