ముందు నీళ్లు, తర్వాతే చేపలు

మారిషస్‌లో మా ఇంటికి సముద్రం దగ్గరే. అయినా మనవరాలు ఇంట్లోనే సముద్రపు చేపలు కావాలంది. ఉప్పునీటి తొట్టి పెట్టిన మూడో రోజే రెండు క్లౌన్ చేపలు తెచ్చి వదిలాం. వారం తిరగకుండానే రెండూ చచ్చిపోయాయి. పాప ఏడ్చింది. తప్పు మా తొందరదే.

నీళ్లు తేటగా కనిపించినా వాటిలో విషం ఉండవచ్చు. చేపల మలినం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చేది బ్యాక్టీరియా. అది పెరగడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. పాలు తోడుపెట్టి పెరుగు కోసం ఆగమా? ఇదీ అంతే.

ఈసారి పద్ధతిగా చేశాం. క్లోరిన్ లేని 100 లీటర్ల నీటిలో సుమారు మూడున్నర కిలోల సముద్రపు అక్వేరియం ఉప్పు కలిపాం. వంట ఉప్పు పనికిరాదు. నీటి వేడి 25 డిగ్రీలు ఉంచాం. చేపలు లేకపోయినా రోజూ చిటికెడు మేత వేశాం. అది కుళ్లితేనే బ్యాక్టీరియాకు ఆహారం. నీళ్లు ఆవిరై తగ్గితే మంచినీళ్లే పోశాం. ఉప్పు ఆవిరి కాదు కదా!

అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాక ఒక్క చేపనే తెచ్చాం. ఇప్పుడు ప్రతి ఆదివారం నీటిని పరీక్షించేది పాపే.