మడతలు విప్పే పీడనం

ప్రెషర్ కుక్కర్ కూత వేసే వేళకు లోపలి పీడనం బయటి గాలికి సుమారు రెండింతలు. ఆ మాత్రానికే నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగవు, 120 దాకా ఆగుతాయి. పాలిథిన్‌ను ఇలాగే, కానీ బయటి గాలికి 5,000 రెట్ల పీడనంలో కరిగించి చల్లార్చితే? మరియానా అగాధం అడుగున కూడా ఉన్నది 1,100 రెట్ల లోపే.

ముందు గొలుసు సంగతి. అణుభారం 1,00,000 ఉన్న పాలిథిన్ అణువులో ఏడు వేలకు పైగా కార్బన్‌లు వరసగా ఉంటాయి. సాగదీసి నిలబెడితే పొడవు దాదాపు 900 నానోమీటర్లు. మామూలు పీడనంలో ఏర్పడే స్ఫటికాలు మాత్రం 10, 20 నానోమీటర్ల మందమున్న పలకలు. అంత పొడుగు గొలుసు అంత పలచని పలకలో ఎలా పట్టింది? చీర మడత పెట్టినట్టు ముందుకూ వెనక్కూ మడిచి. బ్రిస్టల్‌లో ఆండ్రూ కెల్లర్ 1957లో చెప్పిన మాట ఇది. 10 నానోమీటర్ల పలక ఒక్కదాంట్లోనే ఇమడాలంటే మన గొలుసు 90 మడతల దాకా పడాలి.

1964లో బెర్న్‌హార్డ్ వుండర్లిక్, అరకావా అధిక పీడనంలో పాలిథిన్‌ను స్ఫటికీకరించి చూపారు. మడతలు విడిపోయాయి! గొలుసులు నిటారుగా నిలిచాయి, పలకల మందం మైక్రోమీటర్ల స్థాయికి చేరింది. సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.99 గ్రాములు, మామూలు హైడెన్సిటీ రకంలో అది 0.95 చుట్టుపక్కలే. కరిగే ఉష్ణోగ్రత 140 డిగ్రీల దాకా పెరిగింది.

పీడనం గొలుసులను నొక్కి సాపు చేసిందనుకుంటాం. జరిగింది వేరు, ఈ కథలో నన్ను కట్టిపడేసేదీ అదే. పీడనం పెరిగితే కరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుంది. 5,000 రెట్ల దగ్గర అది 230 డిగ్రీలు దాటుతుంది. అంత వేడిలోనూ పాలిథిన్ ద్రవం కాదు. సుమారు 3,500 రెట్లు దాటాక, ద్రవానికీ మామూలు స్ఫటికానికీ నడుమ షడ్భుజ అమరిక ఒకటి పుడుతుంది. 1974లో బాసెట్, బ్లాక్, పియర్మరీనీ వజ్రాల మధ్య నమూనాను నొక్కి, ఎక్స్-కిరణాలతో దాన్ని పట్టుకున్నారు. మామూలు స్ఫటికంలో గొలుసులు 7.4, 4.9 ఆంగ్‌స్ట్రామ్‌ల దీర్ఘచతురస్ర గళ్లలో బిగుసుకుని ఉంటాయి. షడ్భుజ అమరికలో వాటి మధ్య ఎడం ఎక్కువ. పక్క గొలుసు మీదుగా జారగలవు. జారుతూ జారుతూ మడతలు విప్పుకుంటాయి, పలక మందమవుతుంది. అంటే పీడనం చేసిన మేలు బిగించడం కాదు, ఘనంగా ఉంచుతూనే కదలనివ్వడం.

ఇంత చక్కని స్ఫటికం చేతికొస్తే పెళుసుగా విరిగిపోతుంది. మామూలు పాలిథిన్‌తో చేసిన పాల ప్యాకెట్ సాగుతుందే గానీ అలా పెళుసుగా విరగదు. అందులో ఒక పలకలో మొదలైన గొలుసు పక్క పలకలోకీ వెళ్లి రెంటినీ కలిపి కుట్టేస్తుంది. నిటారుగా నిలిచిన పలకల మధ్య ఆ కుట్లు చాలా తక్కువ.