విద్యార్థివేతనము – ఆదాయపు పన్ను



కళాశాలలో చదువు పిల్లవానికి లభించు విద్యార్థివేతనము ఆదాయమగునా? అయినచో దానికి పన్ను చెల్లింపవలసినవాడు కొడుకా, తండ్రియా? ఈ ప్రశ్నను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములందు పలువురు పెద్దలు నన్ను అడిగియున్నారు. ఈ సందేహముచేత కొందఱు దరఖాస్తు పెట్టుటకే వెనుదీయుచున్నారు. లేని పన్నునకు భయపడి బిడ్డ చదువు మాన్పించుట తగదు గావున, నేడు ఈ విషయమును విశదపఱచెదను.

మన సీమకు విద్యాపోషణము క్రొత్త గాదు. గద్వాల సంస్థానమునకు విద్వద్గద్వాల యను పేరు కలదు. కవిపండితులు ఏటేట అచ్చటికి వచ్చి, తమ విద్యను ప్రకటించి, వార్షికములు గ్రహించి పోవుచుండిరి. వనపర్తి ప్రభువుల భవనమున 1959లో పాలిటెక్నిక్ కళాశాల నెలకొన్నది. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములందు ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమైనవి. ఇంటిచెంతకు ఇట్లు వచ్చిన చదువు ధనాభావముచేత చేజాఱరాదనియే విద్యార్థివేతనము లేర్పడినవి.

ఇందు 'వేతన' శబ్దమే భ్రాంతికి మూలము. వేతనమనగా పనికి ప్రతిఫలము. విద్యార్థివేతనమో, ఏ పనికిని కూలి గాదు. చదువునకు చేయు సాయము. చట్టమును ఈ భేదమునే పాటించినది. 1961వ సంవత్సరపు ఆదాయపు పన్ను చట్టము, 10వ సెక్షను, 16వ ఖండమున, విద్యావ్యయము నిమిత్తమై యిచ్చిన వేతనమును మొత్తము ఆదాయములో చేర్పరాదని విధించినది. 2026 ఏప్రిలు 1వ తేదీని అమలునకు నిర్ణయించిన 2025 నాటి క్రొత్త చట్టమును ఈ మినహాయింపును నిలిపినది. దీనికి ఇంత మొత్తమను హద్దు లేదు. ఇచ్చువారు ప్రభుత్వమువారైనను, ధర్మసంస్థవారైనను భేదము లేదు. విద్యావ్యయమనగా కళాశాల రుసుము మాత్రమే కాదు. పుస్తకములు, వసతి, భోజనము మొదలగునవియు చదువును అనుసరించి వచ్చు వ్యయములే.

అయితే ఒక విద్యార్థి ఏదేని కర్మాగారమునందో, కార్యాలయమునందో పనిచేసి నెలనెల పైకము పుచ్చుకొన్నచో, దానికి స్టైపెండు అని పేరు పెట్టినను అది పనికి ప్రతిఫలమే యగును. అప్పుడు మినహాయింపు వర్తింపదు. పేరు గాక ప్రయోజనము చూడవలయును.

ఇక వడ్డీ మాట. పదునేడేండ్ల బాలిక తనకు వచ్చిన ఇరువదివేల రూపాయలను బ్యాంకులో నిలువ చేసినదనుకొందము. అసలునకు పన్ను లేదు. దానిపై వచ్చిన వడ్డీ మాత్రము ఆదాయమే. ఆమె మైనరు గావున, ఆ వడ్డీ తల్లిదండ్రులలో ఎవరి ఆదాయము హెచ్చో వారి లెక్కలో చేరును. పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట వచ్చు వడ్డీ ఆమె స్వంత ఆదాయము. ఆమె తండ్రి యింటనే తిని, తండ్రి ధనముతోనే చదువుచున్నను, అది తండ్రి లెక్కలో చేరదు. 2025–26 ఆర్థిక సంవత్సరమునకు క్రొత్త పన్ను పద్ధతిలో నాలుగు లక్షల రూపాయలవరకు పన్నే లేదు గదా! కొలది వడ్డీకి భయపడ నేల?

అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి కలదు. పన్ను లెక్క వేఱు, తహసీలుదారు ఇచ్చు ఆదాయ ధ్రువపత్రపు లెక్క వేఱు. సేద్యపు రాబడికి కేంద్రప్రభుత్వపు ఆదాయపు పన్ను లేదు. అంతమాత్రమున ధ్రువపత్రమునకై మీసేవలో దరఖాస్తు పెట్టునపుడు ఆ రాబడిని దాచరాదు. అచ్చట కుటుంబమునకు అన్ని విధముల వచ్చునది చెప్పవలసియున్నది. దాచిన విషయము వెల్లడియైనచో వేతనము ఆగుటయే గాక, నడుమ చదువు నిలిచిపోవు ప్రమాదము గలదు.

మన పిల్లలు కొందఱు అమెరికాకును పోవుచున్నారు. అచ్చటి విధి వేఱు. పట్టముకొఱకు చదువువాని విద్యార్థివేతనములో రుసుమునకును, విధిగా కొనవలసిన పుస్తకములకును వినియోగించిన భాగమునకే అచ్చట మినహాయింపు; వసతికి, భోజనమునకు వినియోగించినది ఆదాయములో చేరును. కావున అచ్చటివారి మాట విని ఇచ్చట భయపడరాదు. ఇచ్చటి విధిని నమ్మి అచ్చట ఏమఱరాదు.

వేతనము మంజూరైన ఉత్తరువును, బ్యాంకు పుస్తకమును భద్రముగా దాచియుంచుడు. ఎవరేని ప్రశ్నించినచో ఆ పైకము చదువునకై వచ్చినదని చూపుటకు అవియే సాక్ష్యములు. మీ గ్రామమున సందేహించి యూరకున్న తండ్రి యెవ్వడేని యున్నచో, గడువు దాటకమునుపే ఈ మాట అతని చెవిని వేయుడు. సెలవు.