మీకు తెలుసా? ఇసుకను రాయి చేసే బాక్టీరియా ఉంది

పొలంలో పైపైన చల్లిన యూరియాలో కొంత పైరుకు అందకుండానే అమోనియాగా గాలిలో కలిసిపోతుంది. యూరియా మట్టిలో కలిసేలా వేయాలని వ్యవసాయాధికారులు చెప్పేది అందుకే. ఆ నష్టానికి మూలం మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే యూరియేజ్ అనే ఎంజైము. పైరుకు అందకుండా యూరియాను విరగ్గొట్టే ఆ ఎంజైముతోనే ఇంజినీర్లు వదులు ఇసుకను రాయిలా గట్టిపరుస్తున్నారు.

ఈ పనికి ఎక్కువగా వాడే బాక్టీరియా పేరు స్పోరోసార్సినా పాశ్చురీ. మట్టిలో సహజంగా బతికేదే. ముందు బాక్టీరియా కలిపిన ద్రవాన్ని ఇసుకలోకి ఎక్కిస్తారు. తర్వాత యూరియా, కాల్షియం క్లోరైడ్ కలిపిన నీళ్లు పంపుతారు. యూరియా విరిగినప్పుడు పుట్టే కార్బొనేట్ కాల్షియంతో కలిసి కాల్సైట్ అవుతుంది. సున్నపురాయిలో ఉండే ఖనిజం ఇదే. రెండు ఇసుక రేణువులు తాకే చోట బాక్టీరియా ఎక్కువగా చేరుతుంది కాబట్టి స్ఫటికాలూ అక్కడే ఎక్కువగా పెరుగుతాయి. రేణువులు అతుక్కుంటాయి, వాటి మధ్య సందులు మాత్రం చాలావరకు తెరిచే ఉంటాయి. ఈ పద్ధతిలో అసలు గొప్పతనం ఇదే అనిపిస్తుంది. సిమెంటు ఎక్కిస్తే సందులు పూడిపోయి భూగర్భజలం దారి మూసుకుపోతుంది. ఇక్కడ నేల గట్టిపడ్డాక కూడా నీరు పారుతూనే ఉంటుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, నీటితో నిండిన వదులు ఇసుక భూకంపంలో ద్రవంలా ప్రవర్తిస్తుంది. 1964లో జపాన్‌లోని నీగాటాలో కావాగిషిచో అపార్ట్‌మెంట్లు గోడలు పెద్దగా దెబ్బతినకుండానే పక్కకు ఒరిగిపోయాయి. భవనాల్లో లోపం లేదు, కింద ఇసుకే పట్టు వదిలేసింది. ఇప్పటికే కట్టేసిన ఇళ్ల కింద నేలను తవ్వలేం, దిమ్మిసతో కొట్టలేం. ద్రవాన్ని ఎక్కించడం మాత్రం కుదురుతుంది.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పరిశోధకులు దీన్ని 100 ఘనపు మీటర్ల ఇసుక మీద ప్రయత్నించి 2010లో ఫలితాలు ప్రచురించారు. అతుక్కోని ఇసుకను కడిగేశాక 40 ఘనపు మీటర్ల పైచిలుకు రాతి దిబ్బ మిగిలింది. అయితే బలం అంతటా ఒకేలా లేదు. ఒకచోట 0.7 మెగాపాస్కల్స్ ఉంటే, మరోచోట 12.4. మన దేశ ప్రమాణాల్లో మామూలు మట్టి ఇటుకకు కనీసం 3.5 ఉండాలి. ఇటుకల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి: బెంగళూరు ఐఐఎస్‌సీ, ఇస్రో శాస్త్రవేత్తలు 2020లో ఇదే బాక్టీరియాకు గోరుచిక్కుడు గింజల జిగురు జోడించి, చంద్రుడి మట్టిని పోలిన పొడితో ఇటుకలు చేశారు.

నల్లరేగడిలో ఇలా ద్రవం ఎక్కించడం సాగదు. బంకమట్టి సందుల్లో బాక్టీరియా దూరలేదు.

పెద్ద చిక్కు మరొకటుంది. కిలో కాల్సైట్ ఏర్పడటానికి 600 గ్రాముల యూరియా కావాలి, చివరికి 360 గ్రాముల అమోనియం మిగులుతుంది. దాన్ని నీటితో కడిగి బయటికి తీసి శుద్ధి చేయకపోతే భూగర్భజలం పాడవుతుంది. ఇళ్లను కాపాడే పేరుతో బావి నీళ్లు చెడగొట్టడం ఎవరికీ సమ్మతం కాదు. అందుకే కొందరు శాస్త్రవేత్తలు నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చే వేరే బాక్టీరియా వైపు మళ్లారు. అమోనియం బెడద ఉండదు కానీ కాల్సైట్ చాలా నెమ్మదిగా ఏర్పడుతుంది. అయినా ఈ పద్ధతిలో ఒక లాభం ఉంది. నైట్రోజన్ బుడగలు ఇసుక సందుల్లో చిక్కుకుంటాయి. భూమి కంపించినప్పుడు నీటికి బదులు అవి నొక్కుకుపోయి ఒత్తిడి పెరగకుండా చూస్తాయి. కాబట్టి రేణువులు పూర్తిగా అతుక్కోకముందే నేలకు కొంత రక్షణ దొరుకుతుంది.