బ్లెండెడ్ లెర్నింగ్

టీచరు చెప్పే పాఠం, తెరపై చేసే అభ్యాసం ఒకే ప్రణాళికలో కలిసి నడవడమే బ్లెండెడ్ లెర్నింగ్. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలయ్యాక ఈ మాట తరచూ వినిపిస్తోంది.

లెక్కల్లోనే దీని అవసరం ఎక్కువ. వానలు మొహం చాటేసిన ఏడాది అనంతపురం జిల్లా కల్యాణదుర్గం, రాయదుర్గం పల్లెల నుంచి కుటుంబాలు పనికోసం బెంగళూరు బాట పడతాయి. వెంట వెళ్లిన పిల్లాడు తిరిగొచ్చేసరికి భిన్నాలు అయిపోయి బీజగణితం నడుస్తుంటుంది. 1/2కు 1/3 కలపమంటే 2/5 అని రాస్తాడు. కిక్కిరిసిన తరగతిలో ఆ తప్పు ఎక్కడ పుట్టిందో వెతికే తీరిక టీచరుకు ఉండదు. మంచి సాఫ్ట్‌వేర్ పిల్లాణ్ణి సమాన భిన్నాల దగ్గరికి వెనక్కి తీసుకెళ్తుంది. 1/2 అంటే 3/6, 1/3 అంటే 2/6 అని, ఇప్పుడు ముక్కలన్నీ ఒకే కొలతవని బొమ్మతో చూపి, అప్పుడు 5/6 రాబడుతుంది. ఎవరు ఎక్కడ ఆగారో టీచరుకూ చెబుతుంది. దీనికి పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్, పొట్టిగా 'పాల్' అని పేరు. రాష్ట్రంలో కొన్ని ప్రభుత్వ బడుల్లో అమలు చేశారు.

ఫలితం ఉందా? ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తో నడిచిన ఢిల్లీ మైండ్‌స్పార్క్ కేంద్రాలపై ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం ఉందనే తేల్చింది. నాలుగున్నర నెలల్లో గణితం స్కోర్లు 0.37 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. అయితే అక్కడ తెరతోపాటు చిన్న బృందాలకు బోధకుడూ ఉన్నాడు. వీడియోలు నింపిన ట్యాబు చేతికిచ్చి వదిలేస్తే ఈ ఫలితం ఆశించలేం. టైంటేబుల్‌లో పీరియడు, నిలకడైన కరెంటు, ట్యాబు పాడైతే బాగుచేసే మనిషి: అనంతపురం బడికి ముందు ఇవి కావాలి.